ఫ్యాంటసీ ఆక్షన్‌లో 100 కోట్ల పర్సు, 15 మంది ప్లేయర్లు.. పాట ఎక్కడ ఆపాలి?

ఐపీఎల్ సీజన్ దగ్గరికొస్తే ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపుల్లో మొదలయ్యే మాట ఒకటుంది: "ఈసారి మనమే ఆక్షన్ పెట్టుకుందామా?" ఎనిమిది మంది, తలా ఒక టీమ్, తలా 100 కోట్ల ఉత్తుత్తి పర్సు. ఒక ప్లేయర్ ఒక్క టీమ్‌కే. మామూలు ఫ్యాంటసీ యాప్‌లో కోహ్లీని అందరూ తీసుకోవచ్చు. ఇక్కడ పాట గెలిచినోడికే కోహ్లీ, మిగతా ఏడుగురూ చూస్తూ ఉండాల్సిందే. మజా అంతా అందులోనే ఉంది.

ఈ ఫార్మాట్ మనది కాదు. అమెరికాలో ఆడే ఫ్యాంటసీ లీగుల నుంచి వచ్చింది. అక్కడ ఎన్ఎఫ్ఎల్ ఫుట్‌బాల్ ఫ్యాంటసీలో సాధారణంగా టీమ్‌కు 200 డాలర్ల ఉత్తుత్తి బడ్జెట్ ఇస్తారు. పది పన్నెండు మంది కూర్చుని ఒక్కో ప్లేయర్‌కు పాట పాడతారు. కానీ వేలం అనేది గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లకు కొత్తేం కాదు. యార్డులో పల్లికాయ కుప్ప దగ్గర ఖరీదుదారు ధర చెప్పడం చూసినోళ్లం. వినాయక చవితికి లడ్డూ హర్రాజు చూసినోళ్లం. ఇంట్లో అమ్మ వేసే చీటీ పాట విన్నోళ్లం. ఆ మూడింట్లో ఉన్న లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. ఫోన్‌లో ఆ లెక్క ఎలా వేయాలో చూద్దాం.

ముందు ఒక హెచ్చరిక: పైసలు పెట్టొద్దు

స్ట్రాటజీ కన్నా ముందు ఇది చదవండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లోనే చట్ట సవరణ చేసి నిషేధించింది. స్కిల్ గేమ్ అన్నా మినహాయింపు ఇవ్వలేదు. తర్వాత దేశమంతటికీ వర్తించేలా పార్లమెంట్ 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. దాంతో డ్రీమ్11 లాంటి పెద్ద యాప్ కూడా పెయిడ్ కాంటెస్టులు ఆపేసింది.

కాబట్టి టెలిగ్రామ్‌లో ఎవరో ఏపీకే ఫైల్ పంపి "ఐదొందలు డిపాజిట్ చెయ్, డబుల్ ఇస్తాం" అంటే అది ఫ్యాంటసీ కాదు, మీ అకౌంట్ మీద కన్ను. ఇన్‌స్టాల్ చేయొద్దు. ఫ్రెండ్స్‌లోనే తలా వంద యూపీఐలో వేసుకుని గెలిచినోడికి ఇద్దామన్నా అది పందెమే అవుతుంది. డిగ్రీ చదివే పిల్లలు ఫీజు డబ్బులు ఇలాంటి వాటిలో పోగొట్టుకుని ఇంట్లో చెప్పలేక నలిగిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఉత్తుత్తి కోట్లతో ఆడితే ఓడినోడికి పోయేది ఒక సాయంత్రం చాయ్ మాత్రమే. ఆట మజా ఏమీ తగ్గదు.

సెటప్: మీ ఫోన్ చాలు

కొత్త యాప్ ఏదీ అక్కర్లేదు. మూడు ఉంటే చాలు.

* గూగుల్ షీట్స్: ఒకరు ఎడిటర్, మిగతా అందరికీ వ్యూ పర్మిషన్ మాత్రమే. ప్లేయర్ పేరు, కొన్న టీమ్, ధర, టీమ్ దగ్గర మిగిలిన డబ్బు. సమ్ ఫార్ములా ఒకటి పెడితే పర్సు దానంతట అదే తగ్గుతుంది.
* వాట్సాప్ గ్రూప్ కాల్: గూగుల్ మీట్ ఫ్రీ అకౌంట్‌లో ముగ్గురు, అంతకు మించి ఉంటే 60 నిమిషాలకే కాల్ ఆగిపోతుంది. 120 మంది ప్లేయర్ల వేలానికి ఒక్కొక్కరికి నిమిషం అనుకున్నా రెండు గంటలు పడుతుంది. అందుకే వాట్సాప్ కాల్ బెటర్.
* వేరే చాట్ గ్రూప్: పాట నోటితో కాదు, చాట్‌లో టైప్ చేయాలి. కాల్‌లో ఒక్కొక్కరికి వాయిస్ ఒక్కో ఆలస్యంతో చేరుతుంది. "నేనే ముందన్నా" అనే గొడవ అక్కడే మొదలవుతుంది. చాట్‌లో ఎవరి మెసేజ్ పైనుంటే వాళ్లదే పాట.

నల్లమల అంచు ఊళ్లలో, సిగ్నల్ ఆగి ఆగి వచ్చే చోట ఉన్న ఫ్రెండ్ కోసం ఒక రూల్ పెట్టండి. తనకు కావాల్సిన పది మంది పేర్లు, ఒక్కొక్కరికి గరిష్ఠ ధర రాసి ముందే వేలం నడిపే వాళ్లకు పంపాలి. కాల్ కట్ అయినా తన తరఫున ఆ ధర వరకు పాట నడుస్తుంది. అందుకే వేలం నడిపే వ్యక్తికి టీమ్ ఉండకూడదు.

మొదటి లెక్క: గరిష్ఠ పాట

ప్లేయర్ కనీస ధర 1 కోటి, టీమ్‌లో 15 మంది ఉండాలి అనుకుందాం. ఇంకా ఖాళీగా ఉన్న స్థానాల్లో ఒకటి తీసేసి, అన్ని కోట్లు పక్కన పెట్టాలి. మిగిలిందే మీరు ఒక్క ప్లేయర్‌కు పెట్టగలిగే గరిష్ఠం. మొదట్లో అది 100లో 14 తీసేస్తే 86 కోట్లు. మధ్యలో 34 కోట్లు, 6 స్థానాలు మిగిలితే 29 కోట్లు.

ఈ అంకె మీది మాత్రమే కాదు, అందరిదీ షీట్‌లో ఒక కాలమ్‌గా పెట్టండి. ఎదుటోడి గరిష్ఠం 9 కోట్లు అని తెలిస్తే 9.25 అంటే చాలు, వాడు నోరు మూసుకోవాల్సిందే. 12 దాకా పోవాల్సిన పనిలేదు.

రెండో లెక్క: ఏ ప్లేయర్ ఎంత విలువ?

చాలామంది గుండెతో పాడతారు. లెక్కతో పాడాలంటే ఇలా చేయండి.

ఎనిమిది టీమ్‌లు, 100 కోట్ల చొప్పున మార్కెట్‌లో మొత్తం 800 కోట్లు ఉన్నాయి. 120 మంది ప్లేయర్లకు కనీస ధర కింద 120 కోట్లు పోతాయి. మిగిలిన 680 కోట్లే అసలు పోటీ డబ్బు.

ఇప్పుడు మీ పాయింట్ల రూల్ ప్రకారం, అంటే పరుగుకు 1, వికెట్‌కు 25, క్యాచ్‌కు 8 లాంటివి, ఒక్కో ప్లేయర్ సీజన్‌లో ఎన్ని తెస్తాడో గత రెండు మూడు సీజన్లు చూసి అంచనా వేయండి. జాబితాలో 120వ ప్లేయర్ 150 పాయింట్లు తెస్తాడనుకుందాం. 150 పాయింట్లు 1 కోటికే దొరుకుతాయన్నమాట. అంతకు మించి తెచ్చేదానికే ఎక్కువ పెట్టాలి.

120 మంది తెచ్చే ఆ అదనపు పాయింట్లన్నీ కూడితే 17,000 వచ్చాయనుకోండి. 680 కోట్లను 17,000తో భాగిస్తే ఒక్కో అదనపు పాయింట్ 4 లక్షలు. 600 పాయింట్లు తెచ్చే స్టార్‌కు అదనం 450. ధర 18 ప్లస్ 1, మొత్తం 19 కోట్లు. 300 పాయింట్ల ప్లేయర్‌కు 7 కోట్లు. ఇలా అందరికీ రాసుకుంటే పాట ఎక్కడ ఆపాలో వేలానికి ముందే తెలుస్తుంది.

లడ్డూ, చీటీ, పల్లికాయ నేర్పే పాఠాలు

బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది. 2024లో 30 లక్షలు దాటింది. అక్కడ భక్తి ఉంది, ఊళ్లో పేరు ఉంది. కొన్నోళ్లకు అవి నిజంగా దక్కుతాయి. ఫ్యాంటసీలో మాత్రం ప్లేయర్ పేరుకు పాయింట్లు రావు. అభిమానంతో అదనంగా పెట్టిన 5 కోట్లు ఇంకో మంచి బౌలర్‌ను దూరం చేస్తాయి.

చీటీ పాటలో అవసరం ఎక్కువున్నోడే ఎక్కువ వదులుకుంటాడు. ఇక్కడా అంతే. జాబితాలో ఇద్దరే కీపర్లు మిగిలి, నలుగురికి కీపర్ కావాలంటే ఆ రేటు ఎక్కడికి పోతుందో చెప్పలేం. కొరత ఉన్న స్థానాన్ని మధ్యలోనే నింపేయాలి, చివరిదాకా ఆగొద్దు.

ఈ-నామ్ పద్ధతిలో ఖరీదుదారులు ఒకరి ధర ఇంకొకరికి కనబడకుండా వేస్తారు. అందులో గెలిచేది సరుకును అందరికన్నా ఎక్కువ అంచనా వేసినోడే. బహిరంగ పాటలోనూ ఈ ప్రమాదం ఉంది. ఎనిమిది మందిలో ఏడుగురు 10 కోట్ల దగ్గర ఆగిపోయారంటే, 14 అన్న మీ అంచనాను ఒకసారి అనుమానించండి. వాళ్లకు తెలియనిది మీకేదైనా తెలిస్తేనే ముందుకు పోండి.

అసలు ఐపీఎల్ ఏం చూపించింది?

2024 నవంబర్ 24, 25 తేదీల్లో జెడ్డాలో జరిగిన మెగా ఆక్షన్‌లో ఒక్కో టీమ్ పర్సు 120 కోట్లు. రిషభ్ పంత్‌కు లక్నో 27 కోట్లు పెట్టింది, అది అప్పటికి రికార్డు. 2025 సీజన్‌లో పంత్ కొట్టింది 269 పరుగులు. అంటే పరుగుకు సుమారు 10 లక్షలు. గుజరాత్ 8.5 కోట్లకు రిటైన్ చేసుకున్న సాయి సుదర్శన్ 759 పరుగులతో ఆరెంజ్ క్యాప్ గెలిచాడు. పరుగుకు లక్షా పన్నెండు వేలు. అదే టీమ్ 9.5 కోట్లకు కొన్న ప్రసిద్ధ్ కృష్ణ 25 వికెట్లతో పర్పుల్ క్యాప్ కొట్టాడు.

మన సన్‌రైజర్స్ క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, అభిషేక్‌కు 14, హెడ్‌కు 14, నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లు ఇచ్చి రిటైన్ చేసింది. ఐదుగురికే 75 కోట్లు. మిగతా టీమ్ మొత్తానికి 45 కోట్లు. సీజన్ ఆరో స్థానంలో ముగిసింది. బెంగళూరు ముగ్గురిని 37 కోట్లకు ఉంచుకుని 83 కోట్లతో ఆక్షన్‌కు పోయింది. అక్కడ దాని అత్యధిక ధర హేజిల్‌వుడ్‌కు 12.5 కోట్లే. సాల్ట్ 11.5, జితేశ్ 11, భువనేశ్వర్ 10.75, కృనాల్ 5.75. ఆ కృనాలే ఫైనల్లో 17 పరుగులకు 2 వికెట్లు తీసి ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్ అయ్యాడు, కప్పు బెంగళూరుకు పోయింది.

ఒక్క సీజన్ చూసి స్టార్లను కొనొద్దు అని తేల్చేయలేం. కానీ ఇద్దరు ముగ్గురి మీదే పర్సు ఖాళీ చేస్తే, వాళ్లలో ఒకరు ఫామ్ కోల్పోయినా, గాయపడినా కవర్ చేసే దారి ఉండదు. ఎనిమిది మంది లీగ్‌లో ఒక్క స్టార్‌కు 20 నుంచి 25 కోట్లు, తర్వాత 7 నుంచి 12 మధ్య ఐదారుగురు, చివరి ఎనిమిది తొమ్మిది స్థానాలకు కోటి రెండు కోట్ల వాళ్లు.. ఈ పంపకం మొదటిసారి ఆడేవాళ్లకు సేఫ్.

వేలం నడుస్తున్నప్పుడు

ముందుగా ఎవరి పేరు చెప్పాలి? అసలు ఐపీఎల్‌లో వరుస ముందే ఖరారవుతుంది. ఫ్యాంటసీలో మాత్రం టీమ్‌లు వంతుల వారీగా పేరు చెబుతాయి. మీకు అక్కర్లేని పెద్ద స్టార్ పేరు మొదట చెప్పండి. ఎదుటోళ్ల డబ్బు అక్కడ కరుగుతుంది. మీకు కావాల్సిన చిన్న ప్లేయర్ పేరు మాత్రం దాచుకోండి.

మార్కెట్ వేడిని కొలవండి. 30 మంది అమ్ముడయ్యాక చూస్తే, మీ షీట్ ప్రకారం వాళ్ల విలువ 330 కోట్లు, కానీ 390కి పోయారనుకోండి. మార్కెట్‌లో మిగిలిన డబ్బు 410 కోట్లు, మిగిలిన ప్లేయర్ల విలువ 470 కోట్లు. అంటే ఇకపై రూపాయి సరుకు సుమారు 87 పైసలకే వస్తుంది. ఓపిక పట్టినోడిదే లాభం. లెక్క అటు తిరిగి మొదట్లోనే చవకగా పోతుంటే మాత్రం ఆగొద్దు, వెంటనే కొనండి. చివర్లో అందరి దగ్గరా డబ్బు ఉండి రేట్లు పెరుగుతాయి.

ఊరికే పాట పెంచడం: ఎదుటోడితో ఎక్కువ ఖర్చు పెట్టించాలని చాలామంది పెంచుతారు. మీ షీట్ ధరలో 80 శాతం వరకు ఓకే. ఒకవేళ మీకే తగిలినా నష్టం లేదు. అది దాటాక పెంచితే అక్కర్లేని ప్లేయర్ మీ మెడకు చుట్టుకుంటాడు.

చివర్లో 2 కోట్లు అదనంగా ఉంచుకోండి. అందరూ కోటి దగ్గరే ఇరుక్కున్నప్పుడు 1.25 అన్నోడికే మంచి ప్లేయర్ దక్కుతాడు. అలాగని 15 కోట్లు మిగిల్చుకుంటే ఉపయోగం లేదు, మిగిలిన పర్సుకు పాయింట్లు రావు.

వేలానికి ముందు రోజు రాత్రి చేయాల్సిన పని ఒక్కటే. షీట్‌లో ప్రతి పేరు పక్కన ఆఖరి ధర రాసి, ఆ కాలమ్‌ను లాక్ చేయండి. మధ్యలో మార్కెట్ వేడిని బట్టి ఆ ధరను మార్చాల్సొస్తే లెక్క వేసి మార్చండి, గ్రూపులో ఎవరో రెచ్చగొట్టారని మాత్రం మార్చకండి. మీ లీగ్‌లో పాయింట్ల రూల్ వేరేగా ఉంటే కామెంట్లలో రాయండి, ఆ రూల్‌కు ధరలు ఎలా వేయాలో చర్చించుకుందాం.