అదే వంటలక్క... ఈసారి వేరే ప్రశ్న

2020లో సాయంత్రం ఏడున్నరకు మీ ఇంట్లో ఏం జరిగేదో నేను చెప్పేయగలను. రిమోట్ అమ్మ చేతిలో ఉండేది. ఐపీఎల్ మ్యాచ్ ఉన్నా, స్టవ్ మీద పాలు పొంగుతున్నా ఆ అరగంట టీవీ ముందు నుంచి ఎవరూ కదిలేవారు కాదు. స్టార్ మాలో ‘కార్తీకదీపం’ వచ్చే టైమ్ అది.

ఉయ్యూరు దగ్గర మా ఊళ్లోనూ అంతే. అమ్మ బ్లౌజులు కుడుతుంది. ఏడున్నర అయ్యేసరికి మిషన్ చప్పుడు ఆగిపోయేది. పక్కింటి పిన్ని పీట తెచ్చుకుని గుమ్మం దగ్గర కూర్చునేది. నేను లోపలి గదిలో ల్యాప్‌టాప్ ముందు ఆప్టిట్యూడ్ ప్రాక్టీస్ చేస్తున్నట్టు నటిస్తూ, తలుపు ఓరగా తెరిచి పెట్టుకునేవాణ్ని. అప్పటికి బీటెక్ అయి ఏడాది దాటింది. ఉద్యోగం లేదు. ‘ఇంజినీరు అయ్యుండి సీరియల్ చూస్తున్నాడు’ అంటారని భయం. కానీ డాక్టర్ బాబుకి నిజం తెలిసిందా లేదా అన్నది నాకూ కావాలి!

ఈ వేసవిలో అమ్మ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు. మిషన్ తొక్కడం కుదరదు. “ఏం తోచట్లేదురా, ఆ వంటలక్క సీరియల్ మళ్లీ పెట్టు” అంది. హాట్‌స్టార్ తెరిచాను. కానూరులో ఇంజినీరింగ్ థర్డ్ ఇయర్ చదివే చెల్లి కూడా సెలవులకి వచ్చింది. ముగ్గురం మొదటి ఎపిసోడ్ నుంచి మొదలుపెట్టాం. కథ అదే. కానీ ముగ్గురికీ వేరే సీరియల్ కనిపించింది. ప్లేస్‌మెంట్ సీజన్‌లో ఉన్న మీకు ఈ సంగతి పనికొస్తుందనే రాస్తున్నాను.

22 రోజుల కథ

ముందు లెక్క చూద్దాం. ‘కార్తీకదీపం’ 2017 అక్టోబరు 16న మొదలై 2023 జనవరి 23న ముగిసింది. మొత్తం 1,569 ఎపిసోడ్లు. యాడ్‌లు తీసేసి ఒక్కోటి 20 నిమిషాలు అనుకున్నా 523 గంటలు. అంటే నిద్ర, తిండి లేకుండా చూస్తే దాదాపు 22 రోజులు. మేం అన్నీ చూడలేదు. పెళ్లి, విడిపోవడం, కవల పిల్లలు కలవడం, నిజం బయటపడటం... ఇలా మలుపులు ఎంచుకుని చూశాం.

అసలు ఇది మలయాళం నుంచి వచ్చిన కథ. ఏషియానెట్‌లో 2014లో మొదలైన ‘కరుత్తముత్తు’ దీనికి మూలం. అక్కడా మొదట్లో నాయికగా చేసింది ప్రేమి విశ్వనాథే. తెలుగులో ఆమె దీప, నిరుపమ్ పరిటాల డాక్టర్ కార్తీక్. దర్శకుడు కాపుగంటి రాజేంద్ర. నల్లగా ఉందని అందరూ చిన్నచూపు చూసే అమ్మాయి, ఆమెను ప్రేమించి పెళ్లి చేసుకున్న డాక్టరు. ఇద్దరి మధ్య మోనిత పెట్టిన చిచ్చు. కథ చెప్పాలంటే ఇంతే. కానీ టీఆర్‌పీ పట్టికలో తెలుగు సీరియళ్లకు అది ఏళ్ల తరబడి నంబర్ వన్.

ఒక్క రిపోర్టు

అప్పట్లో మన ఫ్రెండ్స్ అందరం వేసిన జోకు గుర్తుందా? ‘ఒక్క డీఎన్‌ఏ టెస్ట్ చేయించుకుంటే సీరియల్ అయిపోయేది కదా!’ అని. నేనూ తెగ నవ్వాను. ఈసారి నవ్వు రాలేదు.

తనకు పిల్లలు పుట్టరని మోనిత చూపించిన తప్పుడు రిపోర్టును కార్తీక్ నమ్ముతాడు. అందుకే దీప గర్భవతి అయితే సంతోషించాల్సిందిపోయి అనుమానిస్తాడు. భార్య బయటికి వెళ్లిపోతుంది. గమనించండి, అతను పేరున్న డాక్టరు. పేషెంట్ ఎవరైనా ఇలాంటి కాగితం పట్టుకొస్తే ‘ఇంకోచోట కూడా టెస్ట్ చేయించండి’ అని చెప్పేవాడే. తన విషయానికి వచ్చేసరికి ఆ మాటే మర్చిపోయాడు. ఎందుకంటే ఆ రిపోర్టు అతని మనసులో ముందునుంచీ ఉన్న భయానికి సరిగ్గా సరిపోయింది.

అప్పుడు నాకు నా రిపోర్టు గుర్తొచ్చింది.

ఫైనల్ ఇయర్‌లో ఒక కంపెనీ డ్రైవ్‌కి వచ్చింది. రాత పరీక్ష పాసయ్యాను, టెక్నికల్ రౌండ్ కూడా దాటాను. చివరి రౌండ్‌లో ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయాను. ‘కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు’ అన్నారు. పది నిమిషాల ఇంటర్వ్యూలో, నన్ను ఎప్పుడూ చూడని మనిషి చెప్పిన మాట. దాన్ని రెండేళ్లు మోశాను. ఇంగ్లిష్‌లో మాట్లాడాలి అని తెలిస్తే చాలు, అప్లై చేయడమే మానేశాను. బెంజ్ సర్కిల్ దాకా బస్సులో వెళ్లి, ఇంటర్వ్యూ ఆఫీసు మెట్ల దగ్గర నుంచి వెనక్కి తిరిగొచ్చిన రోజు కూడా ఉంది. ఇంట్లో మాత్రం ‘అయిందమ్మా, రిజల్ట్ చెప్తామన్నారు’ అన్నాను.

ఆ ఇంటర్వ్యూ చేసినాయన అబద్ధం చెప్పాడని అనను. ఆ రోజు నేను మాట్లాడలేకపోయిన మాట నిజం. కానీ అది ఆ రోజు రిపోర్టు. దాన్ని జీవితకాలం రిపోర్టుగా మార్చుకున్నది నేను. రెండో టెస్టుకు వెళ్లనిది నేను. డాక్టర్ బాబు మీద జోకులు వేసిందీ నేనే!

ఎదురుచూపుల్లో ఏం చేసింది?

మొదటిసారి చూసినప్పుడు మనందరిదీ ఒకటే ప్రశ్న: ‘ఎప్పుడు కలుస్తారు?’ ముగింపు తెలిశాక ఆ ప్రశ్నకు విలువ పోతుంది. అప్పుడు కళ్లు వేరే చోటికి వెళ్తాయి. కలిసేదాకా ఈమె ఏం చేసింది?

వంట చేసింది. కూతురు శౌర్యను పెంచింది. బస్తీలో నలుగురికీ కావాల్సిన మనిషి అయ్యింది. అత్తగారింటి పేరుతో కాదు, డాక్టరు భార్యగా కాదు, చేసే పనితో ఆమెకు పేరొచ్చింది. చిత్రం ఏంటంటే, రాష్ట్రమంతా ఆమెను దీప అని పిలవడం మానేసి వంటలక్క అనే పిలిచింది. మనకు గుర్తున్నది ప్రేమకథ. కానీ గుర్తుపెట్టుకున్న పేరు మాత్రం ఉద్యోగం పేరు!

కథ నిలిచిపోయిందని మనం విసుక్కున్న ఎపిసోడ్లలోనే ఆమె జీవితం నడిచింది. ఉద్యోగం కోసం చూసే రోజులూ అంతే. ఆఫర్ లెటర్ వచ్చిన రోజే కథలో మలుపు అనుకుంటాం. మిగతా రోజులన్నీ ఖాళీ అనుకుంటాం. నా ఖాళీ రోజుల్లో నేను ఒక పని చేశాను. పిన్ని ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోతే ఎలా ఖాళీ చేయాలో, యూపీఐ మోసాలు ఎలా ఉంటాయో తెలుగులో చిన్న చిన్న నోట్స్ రాసి వాట్సాప్‌లో పెట్టేవాణ్ని. అవి ఊళ్లో గ్రూపులన్నీ తిరిగాయి. అక్కడి నుంచే బ్లాగు మొదలైంది. ఆ బ్లాగు చూపించే 2022లో మొదటి ఉద్యోగం తెచ్చుకున్నాను. ‘కమ్యూనికేషన్ లేదు’ అన్నవాడు ఇప్పుడు తింటున్నది కమ్యూనికేషన్ కూడే.

క్షమించాలా, వద్దా?

ఇక అసలు గొడవ. నిజం తెలిశాక కార్తీక్ పశ్చాత్తాపపడే ఎపిసోడ్ల దగ్గర మా ఇల్లు రెండుగా చీలింది.

“నేనైతే వెళ్లను. ఇన్నేళ్లు నమ్మనివాడు ఒక్క సారీ చెప్తే సరిపోద్దా?” అంది చెల్లి.

“ఆమె వెళ్లింది అతని కోసమా, పిల్లల కోసమా? నువ్వు ఇంకా చిన్నదానివి లేవే,” అంది అమ్మ.

“ఆమె తప్పేం లేదని ఆమెకి తెలుసు కదమ్మా. అతను ఒప్పుకుంటేనే నిజమా?”

అమ్మ మాట్లాడలేదు. కాసేపాగి, “అత్తగారు నయం. ముందే మారింది,” అంది.

అది నిజం. అర్చనా అనంత్ చేసిన సౌందర్య పాత్రను మళ్లీ చూడండి. కోడలు నల్లగా ఉందని మొదట్లో కాదన్నది ఆమే. తర్వాత కోడలి పక్షాన నిలబడి కొడుకునే నిలదీసిందీ ఆమే. ఇంత పెద్ద సీరియల్‌లో తన అభిప్రాయం తప్పని ఒప్పుకుని, దానికి తగ్గట్టు నడుచుకున్న పాత్ర అది. మొదటిసారి నేను ఆమెను పట్టించుకోలేదు. మోనితగా శోభా శెట్టి వేసే ఎత్తుల మీదే ఉండేది నా దృష్టంతా.

చెల్లి ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. దీప కథలో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. అంత కష్టపడి నిలబడ్డ మనిషి చివరిదాకా ఒకరి సర్టిఫికెట్ కోసం ఎదురుచూసింది. వంటలక్క దగ్గర నేర్చుకోవాల్సింది ఆమె పని. ఆ ఎదురుచూపు కాదు.

కొలంబియాలో బెట్టీ

ఇది మన సీరియల్ పిచ్చి మాత్రమే అనుకోకండి. కొలంబియాలో 1999లో ‘యో సోయ్ బెట్టీ, లా ఫెయా’ అనే సీరియల్ మొదలైంది. ‘నేను బెట్టీని, అందగత్తెను కాను’ అని దాని భావం. రాసింది ఫెర్నాండో గైటాన్. ఎకనామిక్స్, ఫైనాన్స్ బాగా చదువుకున్న అమ్మాయికి అందంగా లేదని ఉద్యోగాలు రావు. చివరికి సెక్రటరీగా చేరుతుంది. బాస్‌తో ప్రేమ, మోసం, మళ్లీ నిలబడటం... మన కథలాంటిదే. చాలా దేశాలు దాన్ని తిరిగి తీశాయి. 2003లో హిందీలో వచ్చిన ‘జస్సీ జైసీ కోయి నహీ’ కూడా అదే.

విశేషం ఏంటంటే బెట్టీ 2024లో కొత్త సిరీస్‌గా మళ్లీ వచ్చింది. అదే ఏడాది మార్చి 25న నిరుపమ్, ప్రేమి జంటగా ‘కార్తీకదీపం: ఇది నవవసంతం’ కొత్త కథతో స్టార్ మాలో మొదలైంది. రూపం చూసి తీసిపారేసిన ఇద్దరు ఆడవాళ్లను, దూరదూరాన ఉన్న రెండు దేశాల్లో, జనం మళ్లీ పిలిపించుకున్నారు. అన్యాయమైన రిపోర్టు అందుకున్నవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు మరి.

మీ కథ ఇంతవరకు...

చివరిగా ఒక చిన్న పని. సీరియల్‌లో కొత్త ఎపిసోడ్‌కి ముందు ‘ఇంతవరకు జరిగిన కథ’ చూపిస్తారు కదా. అలాంటిది మీ గురించి అయిదు వాక్యాల్లో రాయండి. తెలుగులోనే రాయండి, ఇంగ్లిష్ తర్వాత చూసుకోవచ్చు.

మొదటి వాక్యం, మీరు ఎక్కడ మొదలయ్యారు. రెండోది, ఎక్కడ ఆగిపోయారు. బ్యాక్‌లాగ్ అయినా, గ్యాప్ అయినా దాచకండి. మూడోది, ఆ ఆగిన కాలంలో ఏం చేశారు. ట్యూషన్ చెప్పినా, నాన్నతో పొలం లెక్కలు చూసినా అది పనే. నాలుగోది, మీ గురించి ఎవరో చెప్పిన మాటల్లో దేన్ని మీరు ఇంకోసారి పరీక్షించుకోలేదు. అయిదోది, దాన్ని ఏ తేదీలోగా పరీక్షించుకుంటారు. ‘మీ గురించి చెప్పండి’ అని ఇంటర్వ్యూలో అడిగితే మొదటి మూడు చెప్పండి. మిగతా రెండు మీకోసం.

మొన్న అమ్మ కట్టు విప్పారు. సాయంత్రం మిషన్ దగ్గర కూర్చుని నెమ్మదిగా తొక్కి చూసుకుంటోంది. ఉన్నట్టుండి, “ఆ రోజు బెంజ్ సర్కిల్ నుంచి నువ్వు లోపలికి వెళ్లకుండానే వచ్చేశావు కదూ?” అంది.

అయిదేళ్లుగా తెలుసట. నేనే చెప్తానని ఆగిందట.