కొట్టానికి కరెంటు లాగుతున్నారా? మీటరు ముందు వైరు ముట్టొద్దు

ఇంటి వెనుక పశువుల కొట్టం వేశారు. పాలు పితికే వేళకు ఒక లైటు, చొప్ప నరికే మిషనుకు మోటారు కావాలి. స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు కొట్టం పక్కనుంచే పోతోంది. మధ్యలో తోలు గీసి రెండు పోగులు చుడితే పది నిమిషాల్లో పని అయిపోతుందని చాలామంది రైతులు అనుకుంటారు. ఆ పది నిమిషాల పనే మనిషినీ, గొడ్డునీ మింగుతుంది.

మీటరే హద్దు

స్తంభం నుంచి మీటరు వరకు ఉన్న వైరు జోలికి మీరు పోకూడదు. మీటరుకు ఎక్కకుండా కరెంటు వాడితే 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షను కింద అది చౌర్యమే. స్తంభం దగ్గర తప్ప లైను మధ్యలో ఎక్కడా సర్వీసు తగిలించరాదని భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. మీటరును వేరే గోడకు మార్చాలన్నా, లోడు పెంచాలన్నా సెక్షను ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోండి.

మీటరు దాటాక వైరింగు బాధ్యత మీది. అలాగని ఎవరు పడితే వారు చేయకూడదు. కొత్త వైరింగయినా, పాతదానికి మార్పులయినా లైసెన్సున్న కాంట్రాక్టరు ద్వారా, పర్మిటున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చుకోవడం వంటి చిన్న పనులకే మినహాయింపు.

కొట్టం ఇంటి ఆవరణలోనే ఉండాలన్నది మరచిపోవద్దు. వీధి అవతల ఉన్న వేరే స్థలానికి ఇంటి మీటరు నుంచి లాగితే 126వ సెక్షను కింద అనధికార వాడకం అవుతుంది. రెట్టింపు రేటు కట్టాలి. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్క వేస్తారు.

సన్న వైరుతో మోటారుకు చేటు

మోటారు తిరిగేటప్పుడు 10 ఆంపియర్లు తీసుకుంటుందనుకోండి. 40 మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే దాదాపు 10 వోల్టులు దారిలోనే పోతాయి. స్టార్టయ్యే క్షణంలో కరెంటు ఐదారు రెట్లు ఉంటుంది కాబట్టి 50 వోల్టులకు పైనే పడిపోతుంది. మోటారు తిరగక గుర్రుమంటూ వేడెక్కి కాలుతుంది. అదే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరయితే నష్టం మూడో వంతుకు దిగుతుంది. రాగి వైరునూ అల్యూమినియం వైరునూ కలిపి మెలి తిప్పొద్దు. ఆ అతుకు తుప్పుపట్టి, వేడెక్కి మండుతుంది.

ఎత్తు ఎంత?

స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు వీధిని అడ్డంగా దాటేచోట కనీసం 5.8 మీటర్లు, అంటే 19 అడుగులు ఉండాలి. వీధి కాని చోట తొడుగున్న వైరు 4 మీటర్లకు, అంటే 13 అడుగులకు తగ్గరాదు. వైరు నడుమ జారుతుంది కాబట్టి స్తంభం దగ్గర కాదు, బాగా కిందికి దిగినచోట కొలవండి. దాని కిందుగా గడ్డి బండి పోతుందని గుర్తుంచుకోండి.

వైరును మోసే జి.ఐ. తీగ మీద బట్టలు ఆరేయొద్దు. తొడుగు రాసుకుపోతే తీగంతా కరెంటే. ఇనుప దండేన్ని సర్వీసు వైరుకు దగ్గరగా కట్టొద్దు. దండేనికి నైలాను తాడు వాడండి.

న్యూట్రల్ వేరు, ఎర్తు వేరు

ఎర్తు వైరు ఖర్చెందుకని కొందరు మిషను బాడీకి న్యూట్రల్ కలిపేస్తారు. న్యూట్రల్ ఎక్కడ తెగినా ఆ బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. అందుకే ఎర్తు వైరు విడిగా వేయించాలి. ఎర్తుకు కనీసం 2.5 మీటర్ల పొడవున్న జి.ఐ. పైపును, గోడకు 1.5 మీటర్ల దూరాన, తేమ ఉండేచోట పాతించండి. న్యూట్రల్‌కు విడిగా ఫ్యూజు పెట్టించొద్దు.

మూత్రంతో, కడిగిన నీళ్లతో కొట్టం నేల ఎప్పుడూ తడే. గొడ్డుకు నాలుగు కాళ్లూ ఆ తడిలోనే ఉంటాయి. మనకు చురుక్కుమనే కరెంటు దాని ప్రాణం తీయవచ్చు. కాబట్టి కొట్టానికి విడిగా మెయిన్ స్విచ్చి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. నెలకోసారి దాని టెస్టు బటను నొక్కండి. టక్కున పడిపోకపోతే వెంటనే మార్పించండి.

తెగిన వైరు కనిపిస్తే పట్టుకోవద్దు, ఎవరినీ దగ్గరకు పోనివ్వొద్దు. 1912కు ఫోను చేయండి. వానలు మొదలుకాకముందే ఒకసారి మీటరు దగ్గర నుంచి కొట్టం దాకా వైరు వెంట నడిచి చూసుకోండి.