గ్లాస్గోలో పుట్టిన పొగయింజనులు

స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున, ఉత్తరదిశను స్ప్రింగ్‌బర్న్ అను పేటయందును, దక్షిణమున పోల్మడీ అను చోటను, నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీవారి కర్మాగారములు ఉండెడివి. నీల్సన్ రీడ్, డ్యూబ్స్, షార్ప్ స్టూవర్ట్ అను మూడు పాత సంస్థలు, పరదేశపు పోటీకి విడివిడిగా నిలువజాలమని గ్రహించి, 1903లో ఏకమై ఈ కంపెనీని నెలకొల్పినవి. డార్జిలింగు కొండయెక్కు చిన్న బండ్లను నేటికిని లాగుచున్న ఇంజనుల తరగతిని మొదట నిర్మించిన షార్ప్ స్టూవర్టే ఈ మూడింటిలో ఒకటి. ఐరోపాఖండమందు రైలింజనులు చేయుటలో ఇట్లు ఏకమైన కంపెనీకి సాటివచ్చు సంస్థ ఆ కాలమున లేదు. ఉచ్చస్థితిలో ఎనిమిదివేలమంది వరకు ఇందు పనిచేసిరి.

వారి ప్రధాన కార్యాలయభవనమునకు 1909లో ప్రారంభోత్సవము జరిగెను. దాని ద్వారముపైని, రాతిగోడను చీల్చుకొని వచ్చుచున్నదా అన్నట్లు ఒక పొగయింజను ముఖభాగమును చెక్కి, దాని కిరుప్రక్కల వేగమునకును విజ్ఞానమునకును ప్రతీకలుగా రెండు మూర్తులను నిలిపిరి. దేవళముల గోపురములపై శిల్పి చూపు శ్రద్ధ ఆ రాతి ఇంజనుపై కానవచ్చును. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆ భవనమందే గాయపడిన సైనికులకు చికిత్స చేసిరి.

విదేశములకు పోవు ఇంజను రేవుకు చేరు విధము చూడదగినదిగా ఉండెడిది. మన దేశపు పట్టాల వెడల్పు వేరు, దక్షిణాఫ్రికా పట్టాల వెడల్పు వేరు అగుటచే, అట్టి ఇంజనును బ్రిటను పట్టాలపై నడిపించుటకు వీలులేదు. అందుచే దానిని బహుచక్రములుగల బండిపై కెక్కించి, నగరవీథుల వెంబడి మనిషి నడకకంటె మించని వేగముతో క్లైడ్ నది యొడ్డుకు ఈడ్చుకొనిపోవుచుండగా, జనులు ఇరువంకల కాలిబాటలపై నిలిచి, తమ యింటివారో పొరుగువారో చేసిన ఆ యంత్రమును సాగనంపెడివారు. 1930ల మొదటి సంవత్సరములలో ఫిన్నిస్టన్ రేవున నెలకొల్పిన క్రేను, 175 టన్నుల బరువు నెత్తగలిగినది, ఆ ఇంజనును గాలిలోనికి లేపి ఓడలో దించెడిది. ఆ క్రేను నేటికిని అచటనే యున్నది.

1950లో మన గూడ్సు బండ్లకై డబ్ల్యూజీ తరగతి ఇంజనులు మొదట ఈ కంపెనీనుండియే వచ్చినవి. ఆ యేటనే నవంబరు 1వ తేదీని చిత్తరంజన్ కర్మాగారమునుండి అదే తరగతికి చెందిన ‘దేశబంధు’ వెలువడెను. విజయవాడ, కాజీపేట దారులలో గూడ్సు బండ్ల కూత విని పెరిగినవారికి ఈ తరగతి సుపరిచితము. స్వతంత్రభారతము తన ఇంజనును తానే చేసికొనుట మనకు గర్వకారణమే. అయినను ఆ గర్వము స్ప్రింగ్‌బర్న్ పనివాని కూలిలో కొంత కోత యని మరువరాదు.

అయితే కంపెనీ పతనమునకు కొనువారు తగ్గుట యొక్కటే కారణము కాదు. ఆవిరి యుగము ముగియుచున్నదని తెలిసియు ఆవిరియింజనులనే చిరకాలము నమ్ముకొని, పిదప ఒక్క పెట్టున డీజిలువైపు తిరిగి, జర్మనీవారి మాన్ ఇంజను, ఫోయిత్ శక్తిప్రసారయంత్రముల నమూనాలను అనుమతిపై తెచ్చి తామే చేయబూనిరి. బాయిలరు రేకును వంచుటలో ఆరితేరిన చేతులకు ఆ సూక్ష్మమైన పని అలవడుటకు తగిన వ్యవధి లేకపోయెను. బ్రిటిష్ రైల్వేకిచ్చిన డీజిలు ఇంజనులు మాటిమాటికి చెడి, మరమ్మతులవలన నష్టములు పెరిగి, 1962లో కంపెనీ మూతపడెను. నేర్పు లేక కాదు, నేర్పును కాలానుగుణముగా మలచుకొనునట్టి దూరదృష్టి యాజమాన్యమునకు లేక ఆ సంస్థ నశించినదని నా దృఢాభిప్రాయము. పనివారి నందుకు నిందించుట అన్యాయము.

1945లో పోల్మడీలో పుట్టి, దక్షిణాఫ్రికాలో పనిచేసిన 3007 నంబరు ఇంజనును గ్లాస్గోవారు వెనుకకు తెచ్చుకొని, రివర్‌సైడ్ ప్రదర్శనశాలలో నిలుపుకొనిరి. మన స్టేషనుల ముంగిట, ప్రదర్శనశాలలలో నిలిపియుంచిన పాత ఇంజనుల ప్రక్కను ఇత్తడి బిళ్ళ కానవచ్చినచో పాఠకులు నిలిచి చదువవలెను. డ్యూబ్స్ నాటినుండి వచ్చిన వజ్రాకృతి దానికున్నయెడల అది పోల్మడీ పనివారి గురుతు. రైల్వే అధికారులు ఆ బిళ్ళలను రంగుతో పూడ్చివేయక, పాత ఇనుమువారి పాలు కానీయక, సంఖ్యతోను సంవత్సరముతోను లెక్కకెక్కించి కాపాడవలెనని మనవి.