పలుచని పదార్థాల దహనశీలత పరీక్షలు: డెల్టా వేసవికి వాటి అన్వయం

కృష్ణా డెల్టాలో సార్వా వరి కోతలు ముగిసి, ఆ మాగాణిలోనే చల్లిన మినుము, పెసర కూడా ఇళ్లకు చేరిన తరువాత గ్రామాల్లో ఎండిన సరుకు పేరుకుంటుంది. గడ్డివాములు, వాటిపై కప్పిన బరకాలు, గోనె సంచులు, తాటాకు పాకలు, నారుమళ్లపై షేడ్‌నెట్లు ఒకదాని చెంత ఒకటి ఉంటాయి. పడమటి వడగాలి వీచే వేళ ఒక్క నిప్పురవ్వ చాలు, పశువుల ఏడాది మేత బూడిద కావడానికి. నెట్లు, బరకాలు "నిప్పును తట్టుకుంటాయి" అని విక్రేత చెప్పినప్పుడు ఆ మాట ఏ పరీక్షపై ఆధారపడినదో విస్తరణ శాస్త్రవేత్త అడగవలసి ఉంటుంది.

లావైన దుంగకు మంట తగిలితే వేడి లోపలికి ప్రసరిస్తుంది కనుక ఉపరితలం నెమ్మదిగా వేడెక్కుతుంది. పలుచని గుడ్డలో మందమంతా ఒకేసారి వేడెక్కుతుంది. అందువల్ల అది అంటుకునేందుకు పట్టే కాలం ప్రధానంగా చదరపు మీటరు బరువును అనుసరిస్తుంది. ఒకే రకం నూలుతో నేసినా, 100 గ్రాముల గుడ్డ 300 గ్రాముల గుడ్డ కంటే ఎంతో ముందుగా అంటుకుంటుంది. మంగళగిరి నూలు చీర, గోనె సంచి రెండింటిలోనూ సెల్యులోజే ప్రధానం. అయినా మొదటిది భగ్గుమంటుంది, రెండవది చాలాసేపు కుములుతుంది.

వాడుకలో ఉన్న పరీక్షలలో నిలువు మంట పరీక్ష ముఖ్యమైనది. సుమారు 300 మిల్లీమీటర్ల పొడవు, 76 మిల్లీమీటర్ల వెడల్పు గల ముక్కను నిలువుగా వేలాడదీసి, దిగువ అంచుకు 12 సెకన్లు మంట తగిలిస్తారు. మంట తీసిన తరువాత అది ఎన్ని సెకన్లు మండింది, ఎంతసేపు ఎర్రగా కుమిలింది, ఎంత పొడవు మాడింది అన్నవి నమోదు చేస్తారు. గిడ్డంగులలోని గోనె సంచుల విషయంలో రెండవ అంకె కీలకం. మంట ఆరినట్లే కనిపించినా నిప్పు మిగిలి ఉంటుంది. అమెరికాలో నూగు లేచిన రేయాన్ దుస్తులు ప్రాణాలు తీసిన తరువాత 1953లో చట్టం వచ్చింది. అక్కడి దుస్తుల పరీక్షలో ముక్కను 45 డిగ్రీల వాలులో ఉంచి ఒక్క సెకను మాత్రమే మంట చూపుతారు. మరొక కొలత పరిమిత ఆక్సిజన్ సూచిక. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. నూలు సుమారు 18 శాతంలోనే మండుతూ ఉంటుంది, ఉన్నికి దాదాపు 25 శాతం కావాలి. పాలిథిలీన్ కూడా నూలు స్థాయిదే.

ఈ అంకెలు చెప్పని సంగతి ఒకటి ఉన్నది. పాలిథిలీన్ నెట్ మంట తగలగానే ముడుచుకుపోయి, కరిగి, మండుతున్న బొట్లుగా రాలుతుంది. ముడుచుకున్నందువల్ల కొన్ని సందర్భాలలో మాడిన పొడవు తక్కువగా నమోదవుతుంది. ప్లాస్టిక్కులకు వాడే యు.ఎల్. 94 పరీక్షలో ముక్కకు 300 మిల్లీమీటర్ల దిగువన దూదిని ఉంచుతారు. రాలిన బొట్లకు దూది అంటుకుంటే శ్రేణి తగ్గుతుంది. డెల్టా నారుమడిలో దూది స్థానంలో ఉండేది వరిగడ్డి ఆచ్ఛాదన. కాబట్టి నెట్ కొనుగోలుకు సలహా ఇచ్చేటప్పుడు ఈ దూది ఫలితాన్ని అడగడం మేలు. పాలిస్టర్, నూలు కలనేతలోనూ ఇటువంటి చిక్కే ఉంది: నూలు చట్రంలా నిలిచి కరిగిన పాలిస్టర్‌ను జారిపోనివ్వదు, గుడ్డ విడివిడి పోగుల ఫలితాలను బట్టి ఊహించిన దానికంటే తీవ్రంగా మండవచ్చు.

తేమ సంగతి మరొకటి. భారత ప్రమాణాల ప్రకారం వస్త్రాల నమూనాలను సాధారణంగా 27 డిగ్రీల సెల్సియస్, 65 శాతం సాపేక్ష ఆర్ద్రత వద్ద స్థిరపరుస్తారు. ఆ స్థితిలో నూలు సుమారు 8 శాతం తేమను నిలుపుకుంటుంది. విజయవాడ మే నెల మధ్యాహ్నం అంత తేమను ఉంచదు. అమెరికా దుస్తుల పరీక్షలో నమూనాను 105 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఎండబెట్టే పద్ధతి డెల్టా వేసవికి దగ్గరగా ఉన్నది. ఫలితాలను పోల్చేవారు ముందుగా ఈ తేడాను చూడాలి.

నివారణ పద్ధతులలో వ్యవసాయ విద్యార్థికి పరిచితమైన పేరొకటి కనిపిస్తుంది. 1821లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గే-లుసాక్ అమ్మోనియం ఫాస్ఫేటు, బోరాక్సు వంటి లవణాలతో గుడ్డ మండకుండా చేయవచ్చునని చూపాడు. నేటి డి.ఎ.పి. ఆ కుటుంబానిదే. ఫాస్ఫేటు సెల్యులోజును మండే వాయువులుగా కాక బొగ్గుగా, నీటి ఆవిరిగా విడగొడుతుంది. అయితే ఇది నీటిలో కరుగుతుంది. ఒక్క వేసవి జల్లుకే కొట్టుకుపోతుంది. పశువులకు మేపే గడ్డికి పనికిరాదు. పాకల కప్పుకు ప్రతి వాన తరువాత మళ్లీ పిచికారీ చేయించే ఎరువు ఖర్చు, కూలి లెక్కిస్తే, వామును ఇంటికి, పాకకు దూరంగా వేయించడమే రైతుకు చౌక.