కారు పెట్టెలో గోరంత చిప్పు

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్లవద్ద తీరము దాటుటకు ముందే మన పెరంబూరు వీధులను ముంచిన సంగతి తల్లిదండ్రులు మరచి యుండరు. మా విద్యార్థి యొకని తండ్రిగారి అద్దెకారు నాడు నీట మునిగెను. నీరు తీయగానే ఆయన తాళము త్రిప్పిరి, ఇంజను పలుకలేదు. “పెట్టె మొత్తము మార్చవలె”నని ఒక మరమ్మతుశాలవా రనిరి. కారే జీవనాధారమైన ఇంట అది చిన్న మాట కాదు. పిమ్మట బోర్డులు బాగుచేయు వేరొకరి యొద్దకు మేమును వెంట వెళ్లితిమి. అచట తెలిసికొన్నది వ్రాయుచున్నాము.

ఇంధన మెప్పుడు, ఎంత చిమ్మవలెనో నిర్ణయించు ఆ పెట్టెను ఇంజను కంట్రోల్ మాడ్యూలు అందురు. బ్యాటరీ ఇచ్చునది 12 వోల్టులు. పెక్కు సెన్సారులకు కావలసినవి 5 మాత్రమే. ఈ తగ్గింపు పని విద్యుత్ సరఫరా చిప్పుది. అది చెడిన, తక్కినవన్నియు బాగున్నను పెట్టె మూగవోవును.

అయినను తొందరపడి చిప్పును నిందింపరాదు. మొదట ఫ్యూజులు, ఎర్తు తీగ చూడవలెను. తరువాత సెన్సారుల ప్లగ్గులు ఒక్కొక్కటిగా ఊడదీసి, ఆ 5 వోల్టులు తిరిగి వచ్చునేమో కొలువవలెను. ఒక్క సెన్సారు షార్టయినను వోల్టేజి పడిపోవును. అది చూడక మార్చిన, క్రొత్త చిప్పునకును ముప్పే.

చిప్పే చెడినదని తేలిన, వేడిగాలితో లేపి అదే నంబరుగల దానిని అతికింతురు. వేడి చాలకుండ లాగిన బోర్డుమీది రాగి గీతలు లేచివచ్చును. ఇంటివద్ద చేయదగిన పని కాదు. తాళపుచెవిని గుర్తించు సంకేతము పెక్కు కార్లలో పాత బోర్డులోనే యుండును గనుక దానిని నిలుపుకొనుట లాభము.

మరల నీరు వచ్చినచో, తాళము త్రిప్పక ముందు బ్యాటరీ తీగ ఊడదీయుడు.