ధ్రువపత్రం లేని అనుభవం

ఉద్యోగానికి దరఖాస్తు రాస్తున్న యువకుడు 'పూర్వానుభవం' అన్న శీర్షిక దగ్గర ఆగిపోతాడు. చదువుకుంటూనే నాలుగేళ్లు మేనమామ కిరాణా దుకాణంలో పద్దులు రాశాడు, సరుకు తెప్పించాడు, అరువులు వసూలు చేశాడు. కాని నియామక పత్రం లేదు, జీతం రసీదు లేదు. అందుచేత ఆ చోటును ఖాళీగా విడిచిపెడతాడు. లేదా 'మేనేజరు' అని రాసేస్తాడు. రెండూ నష్టమే. మొదటిది ఉన్నదానిని దాచడం. రెండవది లేనిదానిని చెప్పడం.

ఈ చిక్కు అతనొక్కనిది కాదు. మన దేశంలో శ్రమించేవారిలో అత్యధికులు అసంఘటిత రంగంలోనే ఉన్నారు. 1972లో అహ్మదాబాదులో ఇలా భట్ స్వయం ఉపాధి మహిళల సంఘం 'సేవా'ను స్థాపించినప్పుడు, యజమానే లేనివారికి కార్మిక సంఘమేమిటని అధికారులు అభ్యంతరం చెప్పారు. అయినా ఆ ఏడాదే సంఘం రిజిస్టరయింది. యజమాని లేనంత మాత్రాన పని పని కాకుండా పోదు.

మరి నిజాయితీగా రాయడమెలా? హోదాను కాక పనిని రాయాలి. 'మేనమామగారి కిరాణా దుకాణంలో 2019 నుంచి 2023 వరకు, రోజూ సాయంత్రం మూడు గంటలు, జీతం లేకుండా: రోజువారీ పద్దులు, సరుకు కొనుగోలు, సుమారు 60 ఖాతాల అరువు వసూలు.' ఇందులో బంధుత్వం దాగలేదు, పనివేళలు పెరగలేదు. ఎన్ని ప్రశ్నలు వేసినా అభ్యర్థి తడబడడు. 'మేనేజరు'నన్నవాడు మాత్రం, మీ కింద ఎందరు పనిచేశారన్న మొదటి ప్రశ్నకే నీళ్లు నములుతాడు.

ఇంటివద్ద ట్యూషన్లు చెప్పిన గృహిణికీ ఇదే సూత్రం. ఏ తరగతులు, ఏ పాఠాలు, ఎందరు పిల్లలు, ఎన్నేళ్లు అన్నది రాస్తే చాలు. అంకె కచ్చితంగా గుర్తులేకపోతే 'సుమారు' అనడం తప్పు కాదు.

సాక్ష్యం మాటేమిటి? సరుకిచ్చిన టోకు వర్తకుని పేరో, పిల్లల తల్లిదండ్రుల పేరో వారి అనుమతితో ఇవ్వవచ్చు. బంధువు మాటకన్న వారి మాటకు విలువ ఎక్కువ. వెనుకటి తేదీ వేయించిన ధ్రువపత్రం మాత్రం వద్దు. విచారణలో అది బయటపడితే వచ్చిన ఉద్యోగమే పోవచ్చు.

2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన, పనిచేస్తూ నేర్చిన విద్యను పరీక్షించి ధ్రువపత్రమిచ్చే ఏర్పాటు చేసింది. 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లో 30 కోట్లకు పైగా కార్మికులు నమోదయ్యారు. అయితే ఆ కార్డు కార్మికునిగా గుర్తింపే కాని, నైపుణ్యానికి నిదర్శనం కాదు. ఈ తేడా తెలిసి, దేనిని దానిగా పేర్కొన్న దరఖాస్తునే చదివేవారు నమ్ముతారు.