పొయ్యి మారినా వంట మారకూడదు

పొయ్యి మీద పాలు పొంగబోతున్నాయి. "మంట తగ్గించు" అని అమ్మ కేకేసింది. గ్యాసు పొయ్యి అయితే మీట తిప్పుతారు. కట్టెల పొయ్యి అయితే ఒక కట్టె వెనక్కి లాగుతారు. మాట ఒకటే, చేసే పని వేరు. యంత్రాల లోపల ఇమిడి ఉండే చిన్న కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసేవారికీ ఇదే సమస్య.

నెలలు నిండకుండా పుట్టిన శిశువులను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌నే తీసుకుందాం. ఉష్ణోగ్రత కొలవాలి, హీటరును అదుపు చెయ్యాలి, హద్దు దాటితే గంట మోగించాలి. వీటిలో ఏది ముందో, ఏది తరువాతో నిర్ణయించేది రియల్ టైం ఆపరేటింగ్ సిస్టం. ఇక్కడ జవాబు సరైనదైతే చాలదు, గడువులోగా రావాలి.

ఇంతలో అందులోని చిప్ తయారీ ఆగిపోయిందనుకోండి. కొత్త చిప్ కోసం ప్రోగ్రాం అంతా తిరగరాయాలా?

చిప్‌ల మధ్య తేడాలు చిన్నవి కావు. ఒక ఎల్.ఇ.డి. దీపం వెలిగించాలి. ఏట్‌మెగా328 చిప్‌లో ఒక పిన్నును ఔట్‌పుట్‌గా నిర్ణయించి, తగిన రిజిస్టర్‌లో ఒక బిట్ మారిస్తే చాలు. ఎస్‌టిఎం32 రకం చిప్‌లలో ముందుగా ఆ పోర్టుకు క్లాక్ సంకేతం అందించాలి. అది మరిచిపోతే తక్కినదంతా సరిగ్గా రాసినా దీపం వెలగదు.

అందుకే ప్రోగ్రామును పొరలుగా విడదీస్తారు. పై పొర "దీపం వెలిగించు" అని మాత్రమే అడుగుతుంది. ఏ బిట్ మార్చాలో కింది పొరకు తెలుసు. దీన్నే హార్డ్‌వేర్ అబ్‌స్ట్రాక్షన్ పొర అంటారు. చిప్ మారితే ఈ పొరను మారిస్తే సరిపోతుంది.

ఆపరేటింగ్ సిస్టం నిర్మాణమూ ఇలాంటిదే. రిచర్డ్ బ్యారీ 2003లో ప్రారంభించిన ఫ్రీఆర్‌టాస్‌లో ప్రధాన భాగం కొద్ది ఫైళ్లలోనే ఉంటుంది. అది ఏ చిప్‌కైనా ఒకటే. ఒక పనిని ఆపి మరొకటి మొదలుపెట్టేటప్పుడు రిజిస్టర్లలోని విలువలను దాచే భాగం మాత్రం ప్రతి ప్రాసెసర్‌కూ వేరు. ఏట్‌మెగాలో 32 రిజిస్టర్లనూ ప్రోగ్రామే దాచాలి. కార్టెక్స్-ఎం3లో అంతరాయం రాగానే 8 రిజిస్టర్లను ప్రాసెసరే దాచేస్తుంది. మరో 8 ప్రోగ్రాం వంతు.

అయితే ఈ పొర ఒకదాన్ని దాచలేదు. అది కాలం. కట్టె లాగినా నిప్పులు కాసేపు కణకణలాడుతూనే ఉంటాయి. ఆలోగా పాలు పొంగిపోవచ్చు! సెన్సర్ సిద్ధమయ్యేదాకా ఆగడానికి పాత ప్రోగ్రాంలో "వెయ్యి దాకా లెక్కపెట్టు" అని రాశారనుకోండి. వేగవంతమైన చిప్ ఆ లెక్కను ముందే ముగించి, సిద్ధం కాని సెన్సర్‌ను చదివేస్తుంది. ఆ తప్పుడు అంకెను నమ్మి హీటరును నడుపుతుంది. అందుకే వేచి ఉండటానికి లెక్కలు కాక, చిప్‌లోని టైమర్‌ను వాడాలి.

చిప్ మార్చాక దీపం వెలిగింది కదా అని సంతోషిస్తే సరిపోదు. ప్రతి గడువునూ మళ్లీ కొలిచి చూడాలి. పెట్టెలో ఉన్నది పసిబిడ్డ మరి!